ఎవురికెవురు తర్ఫీదిచ్చినారు?

సేవ అనే మాట చెవినబడితే చాలు, మావోళ్ళు చేతులు కట్టుకొని నిలబడాల. ఇది ఎక్కడా రాయని రూలు. చేసేవాళ్ళు కుర్చీల్లో కూచుంటారు, చేయించుకునేవాళ్ళు నేలమీద కూచుంటారు. చేసేవాళ్ళు మాట్లాడతారు, చేయించుకునేవాళ్ళు తలకాయ ఊపుతారు. కడాకు ఒక ఫోటో తీస్తారు. అందులో చెయ్యి చాపింది మేము, చెయ్యి పైనున్నది వాళ్ళు. కెమెరాలు మారినాయి గానీ ఆ ఫోటో మాత్రం మారలేదు.

నేను ఆదోనికీ ఎమ్మిగనూరికీ నడుమ ఒక పల్లెలో, మాదిగ గేరిలో పుట్టినదాన్ని. ఎఎన్‌ఎంగా ముప్పై ఏండ్లకు పైన ఊర్లు తిరిగి రిటైరైనాను. కథలు, కవితలు రాసేదాన్ని గాను. కాన్పుల రిజిస్టరు రాసిన చేత్తోనే ఇదీ రాస్తాండాను. మా గేరికి కాలేజీ పిల్లోళ్ళు, సంస్థలోళ్ళు ప్రశ్నల కాగితాలు పట్టుకొని వస్తానే ఉంటారు. "మీకు ఏ సంస్థ ఏమేం చేసింది? ఎన్ని ఇండ్లు కట్టిచ్చింది? ఎన్ని కుట్టుమిషన్లు ఇచ్చింది?" అని అడుగుతారు. (ఈ కుట్టుమిషన్ల గురించి ఒక పుస్తకమే రాయొచ్చు. దేవుని పేరుతో బసివిగా వదిలేసిన ఆడపిల్లకూ అదే, మొగుడు చచ్చినామెకూ అదే, మద్రాసు రైలెక్కి పారిపోయి తిరిగొచ్చిన పిల్లకూ అదే. ఊర్లో అందరి రవికలూ కుట్టినా మిగిలేటన్ని మిషన్లు పంచినారు.) ఇన్నేండ్లలో ఒక్కరు గూడా "మీరు ఏ సంస్థకు ఏం నేర్పినారు?" అని అడగలేదు. వాళ్ళ కాగితంలో ఆ గడి లేదు. ఆ గడి ఏంటికి లేదో చెప్పడానికే ఇది రాస్తాండాను.

మాది మొదట బళ్ళారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు కలిసినాయి. జిల్లా మారినా నాలుక మారలేదు. మా గేరిలో తెలుగులో మొదలుపెట్టిన మాట కన్నడంలో ముగుస్తాది. బొంబాయి, మద్రాసు రైలుదారి ఆదోని మీదనే పోతాది. కరువు వచ్చినప్పుడల్లా మా మీద జాలి పడేదానికి ఎవురో ఒకరు ఆ రైలు దిగుతానే ఉన్నారు. మావోళ్ళు మాత్రం అదే కరువుకు మూటలు నెత్తిన పెట్టుకొని ఊరు వదులుతానే ఉన్నారు. ఈ పొద్దుకూ మిరపకోతలకు గుంటూరు దిక్కు, పత్తి తీసేదానికి తెలంగాణ దిక్కు పోతానే ఉన్నారు.

1876లో పట్టుకొని 1878 దాకా వదలని ధాత కరువు సంగతి పెద్దోళ్ళ నోట వినే ఉంటారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు శవాల దిబ్బలైనాయి. 1877 మొదట్లో పైనుంచి సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనిలో రాళ్ళు కొట్టే మొగమనిషికి దినానికి ఒక పౌను ధాన్యం చాలని తేల్చినాడు. పౌనంటే అర కిలో గూడా లేదు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఇంత తక్కువ తిండితో మనిషి బతకడని గట్టిగా కొట్లాడినాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. కార్నిష్ మంచోడే. అయితే ఒక్క సంగతి చూడండి. మా కడుపు ఎంత పడతాదో తేల్చే కొట్లాట ఇద్దరు దొరల మధ్య జరిగింది. రాళ్ళు కొట్టేవాళ్ళను ఒక్కర్నైనా పిలిచి "ఎంత తింటే నీ చెయ్యి లేస్తాది?" అని అడిగినట్టు యాడా కనబడదు. ఆకలి మాది, లెక్క వాళ్ళది. పస్తులుండి బతికే విద్య మావోళ్ళకు తెలిసినంత ఆ ఇద్దరికీ తెలుసునా?

అదే కరువులో ఒంగోలు దిక్కు అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవాళ్ళకు పని చూపించినాడు. కరువు తగ్గినాక 1878 జులై 3న ఒక్క దినంలో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగినాయి. ఎక్కువమంది మాదిగోళ్ళే. ఈ కథ చర్చీల్లో అందరికీ తెలుసు. క్లౌ పేరుమీద ఒంగోలులో ఆస్పత్రే కట్టినారు. కథలో రెండో సగం ఎంతమందికి తెలుసు? 1866లో క్లౌ ఒంగోలులో కాపురం పెట్టేనాటికే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన గురువుల కాడ రాజయోగం నేర్చి ఉన్నాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊర్లు తిరిగినోడు, ఎరుక గలిగినోడు. క్లౌకు పల్లెల దారి చూపింది, మాదిగల్లో మాట నిలబెట్టింది ఆ పేరయ్యే. మొదట్లో పై కులాలోళ్ళు "మాదిగోళ్ళను చేర్చుకుంటే మేము రాము" అని బెదిరిచ్చినారు. వాళ్ళను వదులుకొని పేరయ్య ఎంట నడిచినాకనే క్లౌ క్లౌ అయినాడు. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అని పుస్తకం వేసింది. చెప్పులు కుట్టుకుంటా మావోళ్ళు చెప్పిన కథలు, మాతంగి సంగతి, పేరయ్య గురువుల సంగతి అందులో ఉన్నాయి. అంటే ఆయమ్మ మా కాడ కూచొని చదువుకున్నది. పాఠం చెప్పినోళ్ళు మావోళ్ళు. అయినా లోకం చెప్పుకునేది మాత్రం మిషనరీలు మాదిగలకు చదువు చెప్పినారనే. అది అబద్ధమని నేననను. సగమే చెప్తాండారు అంటాండాను.

ఇది పాత ముచ్చట. నా కండ్లతో చూసింది చెప్తాను.

మా అవ్వ మంత్రసాని. ఆమె పేరు ఈడ రాయను. గేరిలోనూ ఊర్లోనూ అందరూ అవ్వ అనే పిలిచినారు, ఆ పేరే ఉండనీ. అత్త దగ్గర పని నేర్చుకున్నది. ఊర్లో ఏ ఇంట్లో నొప్పులొచ్చినా నడిరేయి లాంతరు పట్టుకొని గేరి మొగదల నిలబడి కేకేసేవాళ్ళు. వాకిట్లోంచి కాదు, దొడ్డిదారిన పోవాల. బిడ్డను పట్టేది అవ్వ, బొడ్డు కోసేది అవ్వ, మాయ పూడ్చేది అవ్వ, నెత్తురు గుడ్డలు ఉతికేది అవ్వ. చేటెడు జొన్నలు, ఒక పాత చీర, మనసుంటే ఒక రవిక గుడ్డ. అంతే కూలి. పురుడు కడిగి ఇల్లు శుద్ధి చేసుకున్న దినం నుంచి అవ్వ మళ్ళా బజారులోనే నిలబడాల. రెడ్డి కొడుకునైనా, శెట్టి కొడుకునైనా భూమ్మీద మొట్టమొదట ముట్టింది మాదిగ చెయ్యి. అదే చెయ్యి వాని నీళ్ళ బిందెకు తగిలితే మైల! ఇంతకన్నా సిగ్గులేని లెక్క లోకంలో ఇంకొకటి ఉంటాదా?

నేను ఆరో తరగతిలో ఉండంగా, ఎమర్జెన్సీ దినాల్లో, మా దిక్కు ఒక సేవాసంస్థ ఆస్పత్రి మాదిరి ఒకటి పెట్టింది. ఆ సంస్థ పేరు చెప్పను. సముద్రాల అవతల నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. పుస్తకంలో తెలుగు నేర్చుకొని వచ్చింది పాపం. "గర్భిణీ స్త్రీలు పౌష్టికాహారము భుజింపవలెను" అనేది. మా గేరి ఆడోళ్ళు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వేవాళ్ళు. అవ్వ మాటలో సగం కన్నడం. ఒకరి మాట ఒకరికి తగలకపోతే బడికి పోయే పిల్లనని నన్ను నడుమ కూచోబెట్టినారు. అట్ల పన్నెండేండ్లకే నేను దుబాసీ అయినాను.

నర్సమ్మ బొమ్మల అట్టలు తెచ్చి మూడు దినాలు చెప్పింది. చేతులు సబ్బుతో కడగమని, బ్లేడు ఉడకబెట్టమని, బొడ్డుకు కొత్త దారం కట్టమని, బూడిద పూయొద్దని. అవ్వ అప్పటిదాకా కొడవలితోనే కోసేది. కోసి బూడిద అద్దేది. వాళ్ళ అత్త నేర్పిందదే. ఏడో దినమో ఎనిమిదో దినమో పసిబిడ్డకు దవడలు బిగుసుకొని పాలు పట్టకుండా పోతే గాలి సోకిందనుకునేవాళ్ళు. అది గాలి కాదు ధనుర్వాతం, కొడవలి మీదినుంచి, బూడిదలోంచి లోపలికి పోతాదని నర్సమ్మ చెప్తే నేను తెలుగు చేసినాను. అవ్వ శానాసేపు పలకలేదు. అవ్వ కడుపున పుట్టినోళ్ళే ఇద్దరు అట్ల పోయినారు. కడాకు ఒకటే మాట అన్నది: "ఈ మాట మా అత్తకు ఎవురూ చెప్పలేదే." ఆ పొద్దే కొడవలి తీసుకపోయి కసువు కోసేదానికి మాయమ్మకిచ్చింది. పురిటికి మళ్ళా పట్టలేదు. మన దేశంలో తల్లికి, పసిబిడ్డకు వచ్చే ధనుర్వాతం నిర్మూలన స్థాయికి దిగిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. సూదులేసిన మేమూ, కొడవలి పక్కన పెట్టిన మా అవ్వలూ లేకుంటే అది అయ్యేదా? ఆ పండగకు అవ్వలను ఎవురూ పిలవలేదు.

ఇంతవరకే అయితే అది మామూలు దాయిల తర్ఫీదు కథ. నాకు చెప్పాల్సింది ఇంక ముందరుంది.

ఒక రాత్రి మా గేరిలోనే తొలిచూలు కాన్పు. నర్సమ్మ గూడా వచ్చింది. వాళ్ళ చదువు ప్రకారం ఆ పిల్లను మంచం మీద వెల్లకిలా పండబెట్టింది. రెండు జాములు గడిచినా బిడ్డ దిగలేదు. పిల్ల సొమ్మసిల్లుతాంది. అవ్వ మూలన కూచొని చూసి చూసి లేచింది. "వెల్లకిలా పండబెట్టి ఎగువకు తొయ్యమంటే ఎట్ల తోస్తాది? నీళ్ళు యాడన్నా ఎగువకు పారుతాయా?" అన్నది. దూలానికి తాడు కట్టి పట్టుకోమన్నది. వదినెను ఎనక కూచోబెట్టి నడుం ఆనించమన్నది. పిల్ల గొంతుకూచున్నది. ఇంత బెల్లం నీళ్ళు తాపింది. కోడి కూయకముందే నీళ్ళాడింది.

బిడ్డ పడంగానే నర్సమ్మ కత్తెర తీసింది. వాళ్ళ ఆస్పత్రుల్లో వెంటనే కోయాల. అవ్వ ఆయమ్మ మణికట్టు పట్టుకున్నది. "ఉండు. ఇంకా కొట్టుకుంటాండాది చూడు. బిడ్డ సొమ్ము బిడ్డకు పోతాండాది. పోనీ." నర్సమ్మ వేలు తీసి బొడ్డు మీద పెట్టింది. అది అదిరి అదిరి మెల్లగా నిమ్మళించింది, తెల్లబడింది. అప్పుడు కోయమన్నది అవ్వ, ఉడకబెట్టిన బ్లేడుతోనే.

తెల్లారి నర్సమ్మ మా ఇంటికొచ్చి తిన్నె మీద కాదు, కింద, అవ్వ కాళ్ళకాడ కూచున్నది. "నాకు నేర్పుతావా అవ్వా?" అని అడగమని నాతో చెప్పింది. నేను చెప్తే అవ్వ నవ్వింది. "మా అత్త నాకు మొదట కడుపు ముట్టనీలేదు. ఒక ఏడాది గుడ్డలే ఉతికిచ్చింది. ఈయమ్మ ఉతుకుతాదంటనా అడుగు." నేను అడగలేక నాలుక కొరుక్కున్నాను. అవ్వ కండ్లెర్రజేస్తే అడిగినాను. ఆయమ్మ ఒక్క మాట మాట్లాడకుండా చీర ఎగదోపుకొని లేచింది. (ఎమ్మిగనూరు నేతచీరలే కట్టేది.) వంకకాడ ఆ నెత్తురు గుడ్డలు ఉతికింది. ఆ సంస్థలోనే కాంపౌండరుగా ఉండిన పైకులమాయన సైకిలు మీద పోతా చూసి దిగి, "మేడం, అది మాదిగోళ్ళ పని" అన్నాడు. ఆయమ్మ నా దిక్కు తిరిగి దానికి అర్థమేమని అడిగింది. పన్నెండేండ్ల పిల్లను, ఏం చెప్పాల? "ఈ పని ఎవురు చేస్తే వాళ్ళను మాదిగ అంటారు" అన్నాను. ఆయమ్మ ఉతకడం ఆపలేదు.

ఆ తరవాత రెండేండ్లు ఆయమ్మ అవ్వ ఎంట తిరిగింది. కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ తల యాడుందో కనుక్కోవడం, ఊపిరి లెక్కతో నొప్పి లెక్క కట్టడం, భయపడిన పిల్లకు ఏం మాట చెప్పాలో, ఏ మాట చెప్పకూడదో. అన్నీ ఒక నోటుపుస్తకంలో వాళ్ళ భాషలో రాసుకునేది. అవ్వ గూడా ఆయమ్మ కాడ శానా నేర్చుకున్నది. బిడ్డ అడ్డం తిరిగితే తన చేతిలో లేదని, ఎద్దులబండి కట్టించి ఆదోని ఆస్పత్రికి పంపాలని తెలుసుకున్నది. వాళ్ళిద్దరికీ తగాదాలూ అయినాయి. అడగకుండా బాలింత ఫోటో తీస్తే అవ్వ కెమెరాకు కొంగు అడ్డంబెట్టి తిట్టింది. మా మొగోళ్ళంతా తాగుబోతులేనని ఆయమ్మ అనుకునేది, ఆ మాట మీద మాయమ్మ ఆయమ్మతో నెల దినాలు మాట్లాడలేదు. నేను ఆయమ్మకు గుడి కట్టడం లేదు. ఆయమ్మ నేర్చుకునేదానికి నేలమీద కూచున్నది, అంతవరకు చెప్తాండాను.

సంస్థ మాత్రం కూచోలేదు. ఆ ఆస్పత్రి వంటింట్లో రెండు రకాల గ్లాసులుండేవి. గూట్లో ఇత్తడివి, కిటికీ బయట అల్యూమినియంవి. తర్ఫీదుకొచ్చిన మాదిగ, మాల ఆడోళ్ళు బయటివాటిలో తాగి, కడిగి, బోర్లించి పోవాల. మనుషుల మీద కరుణ చూపించేదానికి దేశాలు దాటి డబ్బులొచ్చినాయి, మూడు గజాల వంటింట్లో మాత్రం కరుణ గడప దాటలేదు. తర్ఫీదు అయిపోయినాక అవ్వకొక అల్యూమినియం పెట్టె, ఒక కాగితం ఇచ్చినారు. పెట్టెలో సబ్బు, బ్లేడు, దారం. కాగితంలో 'ఇంతకుముందు ఎట్టి శిక్షణ లేని' అని ఉన్నది. నలభై ఏండ్లు ఊరి బిడ్డలను భూమ్మీదికి దించిన చెయ్యి! ఆ కాగితం చదివి వినిపించింది నేనే. అవ్వ పెట్టెను ఉంచుకొని కాగితం పొయ్యిలో పెట్టింది.

నర్సమ్మ వెళ్ళిపోయింది. నోటుపుస్తకం ఆయమ్మతోనే సముద్రం దాటింది. శానా ఏండ్లకు ఆ సంస్థ యాభై ఏండ్ల పండగ చేసుకొని ఒక సావనీరు వేసింది. అందులో అవ్వ, నర్సమ్మ పక్కపక్కన ఉన్న ఫోటో ఉంది. కింద రాత: 'సేవలో మా సిస్టర్, ఒక లబ్ధిదారు'. ఇద్దరిలో ఎవురు ఎవురి శిష్యురాలో ఆ గుడ్డలు ఉతికిన వంకకు తెలుసు. సావనీరు వేసినోళ్ళకు తెలియదు. తెలిసినా రాయరు. రాస్తే కుర్చీ కదులుతాది.

ఈ కుర్చీ సంగతి అంబేద్కర్ 1932లోనే పట్టుకున్నాడు. పూనా ఒప్పందం తరవాత గాంధీ పేరుమీద అస్పృశ్యతా నివారణ సంఘం పెట్టినారు. బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ కార్యదర్శి. అదే తరవాత హరిజన సేవక సంఘమైంది. ఓడలో లండను పోతా అంబేద్కర్ ఠక్కర్‌కు పెద్ద జాబు రాసినాడు. ఒక్కొక్క మనిషిని మంచోణ్ణి చేస్తామని తాగొద్దని, కడుక్కోమని పాఠాలు చెప్తే కాదు, బావి కాడ, బడి కాడ, ఊర్లో హక్కుల కోసం నిలబడండి, పనిచేసేదానికి అంటరానోళ్ళలోంచే మనుషులను తీసుకోండి అన్నది దాని సారం. ఆ మాట చెల్లలేదు. ఆయన ఆ సంఘం నుంచి బయటికొచ్చినాడు. మా మనుషులకు నిర్వహణలో చోటేదని అడిగితే గాంధీ ఏమన్నాడు? ఇది సవర్ణులు చేసుకునే ప్రాయశ్చిత్తం, అప్పు తీర్చేవాళ్ళే నడుపుకోవాల అన్నాడు. ఎంత బాగుంది! అప్పున్నోడే లెక్క రాసుకుంటాడంట, అప్పిచ్చినోడు బజారులో నిలబడాలంట. ఇచ్చిందే తీసుకోవాలంట, ఇంకెంత బాకీ ఉందో అడగకూడదంట.

జాలి, దయ, కనికరం, కరుణ. ఎన్ని మాటలున్నాయో చూడండి మన భాషలో. ఒక్కటీ పక్కన కూచునే మాట కాదు, అన్నీ పైనుంచి కిందికి కారేవే. 1957లో, ఆయన పోయినాక అచ్చయిన బుద్ధుని పుస్తకంలో అంబేద్కర్ కరుణ దగ్గరే ఆగొద్దు, మైత్రి దాకా పోవాల అంటాడు. ఈ మాట మీద మన సభల్లో ఉపన్యాసాలు శానా విన్నాను. నాకైతే మైత్రి అంటే తెలిసింది వంకకాడనే.

నేను ఎఎన్‌ఎం తర్ఫీదుకు పోయినప్పుడు మాకు నేర్పింది ఏమి? బల్ల మీద వెల్లకిలా పండబెట్టు, వెంటనే బొడ్డు బిగించి కోయి. అవ్వ మాటలు నోట్లోనే పెట్టుకొని పరీక్ష రాసినాను. రాయకపోతే ఉద్యోగం రాదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమన్నది? పుట్టిన నిమిషంలోపల బొడ్డు బిగించొద్దు, ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగండి, ఆ నెత్తురు బిడ్డకు పోతే ఇనుము నిలుస్తాది అన్నది. 2018లో ఇంకొకటి చెప్పింది: కాన్పప్పుడు నిలువుగానైనా, గొంతుకూచొనైనా తల్లి తనకు ఇష్టమొచ్చినట్టు ఉండొచ్చు, పక్కన తనకు నచ్చిన మనిషిని ఉంచుకోనియ్యాల. ఆ కాగితం మా పీహెచ్‌సీ మీటింగులో చదివినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ ఒకటేసారి వచ్చినాయి. దూలానికి తాడు, ఎనక వదినె, "ఉండు, ఇంకా కొట్టుకుంటాండాది". అంతా జెనీవా నుంచి తిరుగుటపాలో వచ్చింది. అదే 2018లో మన కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలని మార్గదర్శకాలు తెచ్చింది. మంచి పనే. మంత్రసాని అంటే మైల, మిడ్‌వైఫ్ అంటే చదువు.

ఇంటికాడ కాన్పులు మళ్ళా తెమ్మని నేనడం లేదు, తప్పుగా పట్టుకోవద్దు. 2005లో జననీ సురక్ష వచ్చింది, అదే ఏడు మన రాష్ట్రంలో 108 బండ్లు వచ్చినాయి. నెత్తురు పోయి, ఫిట్సు వచ్చి చచ్చే తల్లులు ఎంతమంది బతికినారో రిజిస్టరు రాసిన నాకు తెలుసు. అయితే బండి ఎక్కించుకుపోయిన ఆస్పత్రిలో ఏమైతాంది? నొప్పులతో అరిచే మా గేరి పిల్లను తొడమీద కొట్టి, "అప్పుడు తెలియలేదా" అని, ఊరడిగి, పేటడిగి, కులం కనిపెట్టినాక గొంతు మార్చి మాట్లాడే లేబరు రూములు నేను చూడలేదా? బిడ్డ తలయాడుందో వేళ్ళతో చెప్పగలిగిన అవ్వలు ఆ రూము బయట బెంచీ మీద గూడా కూచోలేకపోయినారు. వాళ్ళ చేతి మంచినీ చెడునూ ఏరి, మంచిదాన్ని లోపలికి తీసుకొని, కూలి కట్టిచ్చి పక్కన నిలబెట్టుకొని ఉంటే ఏం పోయేది? పోయేదొకటే, పెద్దరికం.

పక్క జిల్లా అనంతపురంలో 1969 నుంచి ఆర్‌డీటీ పనిచేసింది. పెట్టినాయన విన్సెంట్ ఫెర్రర్ స్పెయిను మనిషి. 1968లో మహారాష్ట్రలో మన్మాడ్ దిక్కు పనిచేస్తా ఉండంగా దేశం వదిలిపొమ్మంటే వేలమంది పల్లెజనం ఆయన కోసం కాలినడకన బొంబాయి దారి పట్టినారు. 2009లో ఆయన అనంతపురంలోనే పోయినాడు. 2025లో ఆ సంస్థకు బయటిదేశాల డబ్బుకు అనుమతి ఆగినప్పుడు అనంతపురం జనం రోడ్డెక్కినారు. దీన్ని కృతజ్ఞత అని పేపరోళ్ళు రాస్తారు. నేనట్ల చూడను. లబ్ధిదారులని రిజిస్టర్లో రాసుకున్న మనుషులు "ఇది మాది" అని బజారులో నిలబడినారు. మన్మాడ్ లోనూ అంతే, ఆ నాడు కాపాడినోళ్ళు వాళ్ళు, కాపాడబడింది ఆయన. సేవ చేసేవాళ్ళు ఎప్పుడన్నా కష్టంలో పడితే తెలుస్తాది, ఎవురి మీద ఎవురు ఆనుకొని ఉన్నారో.

మనోళ్ళకూ ఒక మాట. మన గేరీల్లోంచి చదువుకొని పోయి, సంస్థలు పెట్టుకొని, జీపుల్లో తిరిగొచ్చే తమ్ముళ్ళను చూస్తాండాను. వాళ్ళు గూడా తిన్నె మీదనే కూచుంటాండారు. "మా జాతికి చైతన్యం లేదు" అంటారు మైకులో. ఎదురుగా కూచున్న పెద్దామెకు ఏ మొక్క పసరు ఏ పుండుకో, ఏ సేద్యగాడు కూలి ఎగ్గొడతాడో, కరువు కూలి మస్టరులో ఎవురి దొంగ వేలిముద్ర ఉందో అన్నీ తెలుసు. చైతన్యం అంటే మరి ఇంకేం కావాల? మాల సంస్థలు మాదిగ గేరికి వచ్చినప్పుడు, మాదిగ సంస్థలు డక్కలోళ్ళ గుడిసెలకాడికి పోయినప్పుడు చూసినాను. గ్లాసులు మారలేదు కొన్నిచోట్ల. కోపం వచ్చినా సరే, రాస్తాండాను.

కాబట్టి సేవకు బయల్దేరే సోదరులారా, కాలేజీ పిల్లలారా, మీ సంస్థ పుస్తకాల్లో 'లబ్ధిదారు' అని రాసిన ప్రతిచోటా ఆ మనిషి మీకు చెప్పిందేమో దాని పక్కనే రాయండి. చెప్పినందుకు దినం కూలి కట్టియ్యండి, తర్ఫీదిచ్చే డాక్టరుకు ఇచ్చినట్టే. కమిటీలో కుర్చీ వెయ్యండి, వేలిముద్ర మనిషికైనా సరే. వంటింట్లో గ్లాసులు లెక్కబెట్టండి. బయటిదేశం పోయిన నోటుపుస్తకాలు ఎవురి దగ్గరైనా ఉంటే మా భాషలోకి తిప్పి పంపమని అడగండి, అవి మా పుస్తకాలు.

కోసిగి, పెద్దకడబూరు దిక్కు గేరీల్లో మంత్రసాని పని చేసిన ముసలోళ్ళు ఇంకా కొందరున్నారు. పోవాలనుకుంటే తొందరగా పోండి. మూడేండ్లలో నేనెరిగిన నలుగురు పోయినారు. పోయేటప్పుడు దుప్పట్లు, చీరలు తీసుకపోవద్దు, కాగితం కలం తీసుకపోండి. కన్నడం వచ్చినోళ్ళను ఒకర్ని ఎంటబెట్టుకోండి. మధ్యాన్నం పూట దొరకరు, ఆ వయసులోనూ కలుపుకు పోయుంటారు. పొద్దుగూకి పొయ్యి ఎలిగించినాక పోండి. రొట్టె చేస్తా మాట్లాడతారు.